ఆటకు కూలి తీసుకునుడు నేరమా? జిమ్ థోర్ప్ జిందగీ అడిగే ముచ్చట

జిమ్ థోర్ప్ అంటే ఒలింపిక్స్ సంగతులు చదివేటోళ్లకు ఒకటే యాదికొస్తది. 1912ల రెండు గోల్డ్ మెడల్స్ గెల్చిండు, ఆరు నెలలకే వాటిని గుంజుకున్నరు. ఆ కథ నిజమే గానీ, అది ఆయన జిందగీల సగం కూడా కాదు. ఆయనను ముందుగాల జనం గుర్తుపట్టింది ఫుట్‌బాల్ గ్రౌండ్‌ల. ఆఖరికి పైసలకు ఆడి, నలభై ఏండ్లు దాటేదాంక ఒళ్లు హూనం చేస్కున్నది కూడా అదే ఆటల. కాలేజీ ఫుట్‌బాల్, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ రెండింటినీ కలిపి చూస్తేనే ఆయనకు జరిగిన అన్యాయం ఎంతనో సమజైతది.

ముందుగాల ఆట గురించి జర చెప్పుకోవాలె. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనకు తెల్సిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు లెక్క కోలగా ఉంటది. దాన్ని చంకల పెట్టుకొని ఉరికి, అవతలి జట్టు గీత దాటియ్యాలె. దాటిస్తే టచ్‌డౌన్. ఎదురుంగ పదకొండు మంది మీదపడి పడగొట్టనీకి చూస్తరు. పట్టు విడిపించుకొని గీత దాటుడు ఎంత కష్టమో కబడ్డీ ఆడినోళ్లకు చెప్పే పని లేదు. బంతిని తన్ని రెండు గుంజల నడుమకెళ్లి పోనిస్తే అది ఫీల్డ్ గోల్, దానికి తక్కువ పాయింట్లు. థోర్ప్ ఆడిన కాలంల ఒంటి మీద సరైన కవచాలు లేకుండె. 1905ల ఒక్క సీజన్‌లనే పది మందికి పైగా పిల్లలు ఈ ఆటల దెబ్బలు తగిలి చచ్చిపోయిన్రు. అటెనుకనే రూల్స్ మార్చిన్రు. గసొంటి ఆట అది.

తెగ భూమి పాయె, జుట్టు పాయె

థోర్ప్ 1887ల ఇప్పటి ఓక్లహామా రాష్ట్రంల పుట్టిండు. అప్పుడు దాన్ని ఇండియన్ టెరిటరీ అనేటోళ్లు. అమెరికా అసలు వాసులైన సాక్ అండ్ ఫాక్స్ తెగ ఆయనది. ఇంట్ల పెట్టిన పేరు వా-థో-హక్. వెలుగు పడ్డ బాట అని దాని అర్థం. ఆయనకు నాలుగేండ్ల వయసప్పుడు, 1891ల, సర్కారు ఆ తెగ ఉమ్మడి భూమిని ముక్కలు చేసింది. మనిషికి 160 ఎకరాల చొప్పున పంచి, మిగిలిందంతా బయటి నుంచి వచ్చిన తెల్లోళ్లకు తెరిచింది. ఒక్క రోజుల వేల మంది గుర్రాలు, బండ్లు ఏస్కొని ఉరికొచ్చి గుంజలు పాతుకున్నరు.

ఇంట్ల కూడా దెబ్బ మీద దెబ్బ. కవల సోదరుడు చార్లీ తొమ్మిదేండ్లప్పుడు న్యుమోనియా వచ్చి పాణం ఇడిసిండు. ఇద్దరు ఎప్పుడూ కలిసే తిరిగేటోళ్లు. ఆ తర్వాత జిమ్ బడిల నిలవలేదు. పారిపోయి ఇంటికొచ్చేటోడు, నాయిన మల్ల తోలేటోడు. కొన్నేండ్లకు అమ్మ పోయింది, ఆ ఎనుక నాయిన పోయిండు.

1904ల పెన్సిల్వేనియా రాష్ట్రంల ఉన్న కార్లైల్ బడికి పంపిన్రు. రిచర్డ్ ప్రాట్ అనే ఆర్మీ అధికారి 1879ల పాత మిలిటరీ బ్యారక్‌లల పెట్టిన బడి అది. దేశం నలుమూలల నుంచి ఆదివాసీ పిల్లలను రైళ్లల తెచ్చేటోళ్లు. వచ్చిన రోజే జుట్టు కత్తిరించేటోళ్లు. బట్టలు మార్చి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్ష ఏసేటోళ్లు. పిల్లగాండ్లల ఉన్న తెగ వాసన పోగొట్టాలె అన్నదే ఆ బడి లెక్క. సగం పూట చదువు, సగం పూట పని. మధ్యల తెల్ల రైతుల ఇండ్లకు, పొలాలకు పనికి పంపేటోళ్లు. థోర్ప్ కూడా గట్ల పొలాల పని చేసినోడే. మస్తు మంది పిల్లలు రోగాలతోని అక్కడ్నే చచ్చిపోయిన్రు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడున్నయి.

గసొంటి బడి పేరు దేశమంతా తెల్సింది మాత్రం ఫుట్‌బాల్ తోని.

పని బట్టల మీద ఎగిరిన పోరడు

1907ల ఒకరోజు థోర్ప్ పని బట్టల మీద గ్రౌండ్ పక్కపొంటి పోతుంటే, కొందరు పోరగాండ్లు హైజంప్ ప్రాక్టీస్ చేస్తున్నరట. ఎవ్వరూ దాటలేని కర్రను ఈయన ఆ బట్టలతోనే దాటిండని చెప్తరు. సంగతి కోచ్ పాప్ వార్నర్ చెవిన పడ్డది. వార్నర్ అప్పటికే పేరున్న కోచ్. థోర్ప్‌ను రన్నింగ్, జంపింగ్ టీమ్‌ల ఏస్కున్నడు. కానీ థోర్ప్‌కు ఫుట్‌బాల్ మీద పాణం. వార్నర్ ఒప్పుకోలే. సన్నగున్నడు, దెబ్బ తగిలితే మంచి అథ్లెట్‌ను పోగొట్టుకుంటనని ఆయన భయం. ఆఖరికి విసిగిపోయి, బంతి చేతికిచ్చి టీమ్ మొత్తాన్ని దాటి చూపియ్యమన్నడట. థోర్ప్ అందర్నీ దాటి అవతలి గీత తాకి వచ్చిండు. నమ్మక మల్ల ఉరకమంటే మల్ల దాటిండు. ఇగ అప్పటి నుంచి ఫుట్‌బాల్ టీమ్‌ల స్థానం ఖాయమైంది.

కార్లైల్ టీమ్ మ్యాచ్‌లు ఎక్కువ శాతం బయటి ఊర్లల్లనే ఆడేది. కారణం పైసలు. ఆదివాసీ పిల్లలు తెల్ల కాలేజీలతోని కొట్లాడుతుంటే చూడనీకి న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బోస్టన్ దిక్కు వేల మంది టికెట్ కొనేటోళ్లు. ఆ పైసలు బడి ఆటల నిధికి పోయేటివి. నిధి మీద పెత్తనం వార్నర్‌ది. ఆడే పిల్లలు మాత్రం లెక్కకు అమెచ్యూర్లు, అంటే పైసలు ముట్టనోళ్లు. ఈ మాట మనసుల పెట్టుకోన్రి, ముంగట పని పడ్తది.

హార్వర్డ్ మీద, ఆర్మీ మీద

1911 నవంబర్ 11. హార్వర్డ్ యూనివర్సిటీ తోని మ్యాచ్. అప్పటి ఫుట్‌బాల్‌ల హార్వర్డ్ అంటే పెద్ద టీమ్. కార్లైల్‌ను వాళ్లు ఎంత తక్కువ చూసిన్రంటే, కోచ్ తన అసలు ఆటగాళ్లను పక్కన కూసోబెట్టి రెండో వరుస పిల్లలతోని మ్యాచ్ మొదలువెట్టిండు. థోర్ప్ కాలికి దెబ్బ తగిలి కట్టు కట్టుకొని దిగిండు. ఆ కాలు తోనే నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టిండు. అప్పటి రూల్స్ ప్రకారం ఒక్కోటి మూడు పాయింట్లు. అసలు ఆటగాళ్లను దింపేసరికి హార్వర్డ్‌కు ఆలస్యమైపోయింది. కార్లైల్ 18-15 తోని గెల్చింది. 18 పాయింట్లల 12 ఆ దెబ్బ తగిలిన కాలు నుంచి వచ్చినయి. ఆ సీజన్‌ల కార్లైల్ ఓడింది ఒక్క మ్యాచే. హార్వర్డ్‌ను కొట్టిన వారానికే సిరాక్యూస్ చేతిల ఒక్క పాయింట్ తోని ఓడింది.

తర్వాత ఏడాది 1912 నవంబర్ 9న ఇంకో మ్యాచ్. వెస్ట్ పాయింట్‌ల ఆర్మీ టీమ్ మీద. ఇక్కడ స్కోర్ కంటే పెద్ద ముచ్చట ఒకటున్నది. వూండెడ్ నీ కాడ అమెరికా సైన్యం వందల మంది లకోటా ఆదివాసీలను, ఆడోళ్లు, పిల్లలు అని చూడకుంట కాల్చి చంపింది 1890ల. అంటే 22 ఏండ్ల కింద. ఇప్పుడు ఆ సైన్యంల అధికారులు కాబోయే పోరగాండ్లు ఒక దిక్కు, ఆ తెగల పిల్లలు ఇంకో దిక్కు. చేతిల తుపాకులు లేవు. ఇరు పక్కల పదకొండు మందే. మ్యాచ్ ముంగట వార్నర్ తన పిల్లలకు ఈ సంగతి యాది చేసిండని అంటరు. యాది చేసే పని లేకుండె గానీ.

కార్లైల్ 27-6 తోని గెల్చింది. థోర్ప్‌ను ఆపనీకి వచ్చిన ఆర్మీ పోరగాండ్లల ఒకడు మోకాలు నొప్పి పుట్టి బయటికి పోవాల్సొచ్చింది. ఆయన పేరు డ్వైట్ ఐసెన్‌హోవర్. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంల పెద్ద కమాండర్ అయిండు, ఆ ఎనుక అమెరికా ప్రెసిడెంట్ అయిండు. థోర్ప్ ఎంత గొప్ప ఆటగాడో ఐసెన్‌హోవర్ జిందగీ అంతా చెప్పుకుంట వచ్చిండు.

1912 సీజన్‌ల లెక్కలకు ఎక్కినంత వరకే థోర్ప్ 25 టచ్‌డౌన్లు, 198 పాయింట్లు చేసిండు. 1911, 1912 రెండేండ్లు ఆల్ అమెరికన్ టీమ్‌ల పేరొచ్చింది. బంతి పట్టుకొని ఉరుకుడు, తన్నుడు, పాస్ ఇచ్చుడు, ఎదుటోన్ని పడగొట్టుడు, అన్నీ ఒక్కడే చేసేటోడు. ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉంటడు.

ఆ రెండు సీజన్ల నడుమ ఎండాకాలంలనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు పోయి వచ్చిండు. ఐదు ఆటల పెంటాథ్లాన్, పది ఆటల డెకాథ్లాన్, రెండూ గెల్చిండు. డెకాథ్లాన్‌ల రెండో స్థానంల వచ్చినాయనకు, ఈయనకు నడుమ దాదాపు 700 పాయింట్ల తేడా.

ఎండాకాలం కూలి

ఇగ అసలు ముచ్చట. 1909, 1910 ఎండాకాలాలల థోర్ప్ కార్లైల్ ఇడిసిపెట్టి నార్త్ కరోలినా రాష్ట్రంల రాకీ మౌంట్, ఫయెట్‌విల్ ఊర్ల టీమ్‌లకు బేస్‌బాల్ ఆడిండు. చిన్న లీగ్ అది. ఖర్చులెళ్లేంత పైసలు ఇచ్చిన్రు. అప్పుడు కాలేజీ పిల్లలు ఎండాకాలంల గట్ల ఆడుడు మామూలే. కాకపోతే వాళ్లు దొంగ పేర్లు పెట్టుకొని ఆడేటోళ్లు. థోర్ప్ సొంత పేరు మీద ఆడిండు.

1913 జనవరిల ఒక పేపర్ల ఈ సంగతి వచ్చింది. ఆటకు పైసలు ముట్టినోడు అమెచ్యూర్ కాదు, ఒలింపిక్స్‌ల ఆడే అర్హత లేదు అన్నరు. థోర్ప్ ఒక లేఖ రాసి ఒప్పుకున్నడు. తను చదువు తక్కువ ఉన్న ఆదివాసీ పిల్లగాణ్నని, రూల్స్ తెల్వలేదని దాంట్ల ఉంటది. ఆ లేఖల వార్నర్ చెయ్యి ఉన్నదని మస్తు మంది నమ్ముతరు. వార్నర్, బడి పెద్దసారు ఇద్దరూ తమకేం తెల్వదన్నరు. రెండేండ్లు పిల్లగాడు ఎక్కడికి పోయిండో కోచ్‌కు తెల్వదంటే ఎట్ల నమ్ముతం?

ఒలింపిక్స్ రూల్స్‌ల ఇంకోటి కూడా రాసి ఉండె. ఎవరి మీదనన్న అభ్యంతరం ఉంటే ఆటలు అయిపోయిన 30 రోజుల లోపల చెప్పాలె. ఇక్కడ ఆరు నెలలు దాటింది. అంటే వాళ్ల రూలే వాళ్లు తొక్కిన్రు. థోర్ప్ తరఫున ఆ మాట అడిగినోడు లేడు. మెడల్స్ వాపస్ పోయినయి. రికార్డుల నుంచి పేరు కొట్టేసిన్రు.

తర్వాత ఏడాది, 1914ల, అమెరికా కాంగ్రెస్ కమిటీ కార్లైల్ బడి మీద విచారణ చేసింది. ఆటల నిధి పైసలు ఎట్లెట్ల వాడిన్రో అప్పుడు బయటపడ్డది. బడి పెద్దసారు కొలువు పోయింది. వార్నర్ ఇంకో యూనివర్సిటీకి కోచ్‌గా పోయిండు, ఆయన పేరుకు మచ్చ పడలే. పిల్లల ఆట మీద వచ్చిన టికెట్ పైసలు పెద్దోళ్లు వాడుకుంటే అది నిర్వహణ. పోరడు రెండు ఎండాకాలాలు ఖర్చులకు ఆడుకుంటే అది మోసం. ఈ లెక్క ఎవరు రాసిన్రో చూడాలె. అమెచ్యూర్ అనే మాట పుట్టింది ఉన్నోళ్ల క్లబ్బులల్ల. రోజు కూలి లేకున్నా ఇల్లు గడిచేటోళ్లకే ఆ రూల్ సులువు.

కాంటన్ కాడ మొదలైంది

మెడల్స్ పోయినంక థోర్ప్ దాపరికం లేకుంట పైసలకే ఆడుడు మొదలువెట్టిండు. న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ టీమ్‌ల చేరిండు, 1919 దాంక పెద్ద లీగ్‌లల ఆడిండు. అక్కడ ఎక్కువ రోజులు బెంచి మీదనే ఉంచిన్రు. ఆయన అసలు ఆట మల్ల ఫుట్‌బాల్‌లనే కనవడ్డది.

1915ల ఒహాయో రాష్ట్రంల కాంటన్ బుల్‌డాగ్స్ అనే టీమ్ ఆయనను మ్యాచ్‌కు 250 డాలర్లు ఇచ్చి తీస్కున్నది. అప్పుడు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు ఇజ్జత్ లేకుండె. ఫ్యాక్టరీ ఊర్లల కార్మికులు ఆదివారం పూట చూసే ఆట అది. కాలేజీ ఆటనే గొప్ప అనుకునేటోళ్లు. ఒక్క మనిషికి గన్ని పైసలా, టీమ్ దివాలా తీస్తదని కాంటన్ మేనేజర్‌కు మస్తు మంది చెప్పిన్రు. పక్కూరు మాసిలాన్ తోని కాంటన్‌కు పాత పగ. వెయ్యి, పదిహేను వందల మంది వచ్చేకాడ థోర్ప్ ఆడిన రెండు మాసిలాన్ మ్యాచ్‌లకు ఆరు వేలు, ఎనిమిది వేల మంది వచ్చిన్రు. మొదటి మ్యాచ్ ఓడినా, రెండోది 6-0 తోని కాంటన్ గెల్చింది. ఆ ఆరు పాయింట్లు థోర్ప్ కొట్టిన రెండు ఫీల్డ్ గోల్సే. 1916ల ఒక్క మ్యాచ్ కూడా ఓడలే. 1916, 1917, 1919ల ఒహాయో టైటిల్ కాంటన్‌దే.

1920 సెప్టెంబర్ 17న కాంటన్ల ఒక కార్ల షోరూమ్‌ల టీమ్‌ల ఓనర్లు కూసున్నరు. ఒక లీగ్ పెడదామని తీర్మానం చేసిన్రు. ప్రెసిడెంట్ ఎవరు అంటే థోర్ప్ పేరు రాసిన్రు. లీగ్ నడిపే పని ఆయనకు రాకపోవచ్చు, కానీ పేపర్ల లీగ్ పేరు రావాలంటే ఆయన పేరు కావాలె. ఏడాది ప్రెసిడెంట్‌గా ఉండుకుంటనే ఆటగాడిగా కూడా ఆడిండు. 1922ల ఆ లీగ్ పేరు మారింది. అదే ఇయ్యాల్టి ఎన్ఎఫ్ఎల్. వేల కోట్ల యాపారం. దాని మొదటి ప్రెసిడెంట్ ఒక ఆదివాసీ. ఆయన ఆ కుర్సీల కూసున్న నాలుగేండ్లకు గానీ, అంటే 1924ల గానీ, అమెరికాల పుట్టిన ఆదివాసీలందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం రాలే.

కుక్కల యాపారి టీమ్

1922, 1923లల థోర్ప్ ఊరాంగ్ ఇండియన్స్ అనే టీమ్‌ల ఆడిండు, కోచ్ కూడా ఆయనే. ఒహాయోల లారూ అనే చిన్న ఊరి టీమ్ అది. ఎన్ఎఫ్ఎల్ చరిత్రల గంత చిన్న ఊరికి టీమ్ ఇంకోటి లేదు. ఓనర్ వాల్టర్ లింగో ఎయిర్‌డేల్ జాతి కుక్కల యాపారి. తన కుక్కలకు ప్రచారం కావాలని, మొత్తం ఆదివాసీ ఆటగాళ్లతోని టీమ్ పెట్టిండు. మ్యాచ్ నడుమ విరామంల కుక్కల విద్యలు, తెగల ఆటపాటలు, కత్తులు గొడ్డళ్లు ఇసిరే ప్రదర్శనలు. అదంతా ఆటగాళ్లే చెయ్యాలె. మ్యాచ్‌లు లేనప్పుడు కుక్కల పని కూడా చూసుకోవాలె. విరామంల రెస్ట్ లేకుంట గంతులేసి మల్ల గ్రౌండ్‌ల దిగితే ఏం ఆడ్తరు? రెండు సీజన్లల నాలుగు మ్యాచ్‌లే గెల్చిన్రు, పదహారు ఓడిన్రు. కొత్తదనం పోయినంక జనం రాలే, టీమ్ మూతపడ్డది.

హార్వర్డ్‌ను కొట్టినోడు, లీగ్‌కు ప్రెసిడెంట్ అయినోడు, విరామంల తమాషా చూపెట్టాల్సొచ్చింది. పైసలు కావాలె, ఇంకో పని తెల్వదు. అటెనుక రాక్ ఐలాండ్, న్యూయార్క్, మల్ల కాంటన్ తిరిగిండు. 1928ల షికాగో కార్డినల్స్ తరఫున ఒక్క మ్యాచ్ ఆడిండు, 34-0 తోని ఓడిన్రు. అప్పటికి 41 ఏండ్లు. అదే ఆఖరి మ్యాచ్. అంత ఆడినంక పెన్షన్ లేదు, బీమా లేదు.

పార పట్టుకున్న చెయ్యి

ఏడాదికే అమెరికాల పెద్ద మాంద్యం వచ్చింది. 1931ల థోర్ప్ లాస్ ఏంజిల్స్‌ల పార పట్టుకొని కూలి పని చేసిండు. సినిమాలల చిన్న చిన్న వేషాలు ఏసిండు. ఆదివాసీ వేషాలు ఆదివాసీలకే ఇయ్యాలని కొట్లాడిండు కూడా. తాగుడు ఆయనను మస్తు గుల్ల చేసింది. మూడు పెండ్లిండ్లు అయినయి. మొదటి కొడుకు పసితనంలనే పోయిండు. ఇవన్నీ దాచిపెట్టి దేవుణ్ని చేసే పని లేదు. కష్టంల ఆదుకునే దిక్కు లేని మనిషి ఎట్ల ఒరుగుతడో ఈయన కూడా గట్లనే ఒరిగిండు.

1950ల ఆటల విలేకర్ల ఓటింగ్‌ల ఆ శతాబ్దం మొదటి సగంల మేటి ఫుట్‌బాల్ ఆటగాడు, మేటి అథ్లెట్ రెండూ ఆయనే అని తేలింది. మరుసటి ఏడాది ఆయన మీద సినిమా వచ్చింది, బర్ట్ లాంకాస్టర్ హీరో. అదే ఏడాది పెదవికి క్యాన్సర్ వస్తే, వైద్యానికి పైసలు లేక దానం మీద చేయించుకున్నడు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాల గుండె ఆగి చనిపోయిండు.

చచ్చినంక కూడా ఆయన పేరు మీద యాపారం ఆగలే. ఓక్లహామాల తెగ పద్ధతి ప్రకారం కర్మకాండ నడుస్తుంటే మధ్యలనే మూడో భార్య శవాన్ని తీస్కపోయింది. పెన్సిల్వేనియాల మాక్ చంక్ అనే ఊరికి పర్యాటకులు కావాలె. పక్కనున్న ఊరితోని కలిసి, 1954ల ఆ ఊరు తన పేరునే జిమ్ థోర్ప్ అని మార్చుకొని ఆయన సమాధి కట్టింది. ఆయన జిందగీకి ఆ ఊరితోని సంబంధం లేదు. ఎముకలన్న ఇంటికి తెచ్చుకుంటమని కొడుకులు 2010ల కోర్టుకు పోయిన్రు. కింది కోర్టుల గెల్చిన్రు, పై కోర్టుల ఓడిన్రు. 2015ల సుప్రీంకోర్టు కేసు తీస్కోనన్నది. ఆయన ఇంకా అక్కడ్నే ఉన్నడు.

మెడల్స్ సంగతి? 1982ల ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది, 1983ల పిల్లలకు కొత్తగా చేయించిన మెడల్స్ ఇచ్చింది. అయినా రికార్డుల సహ విజేత అనే రాసింది. 2022 జూలైల గానీ ఒక్కడే విజేత అని రాయలే. అంటే తప్పు పూర్తిగా దిద్దనీకి 109 ఏండ్లు పట్టింది.

అమెరికా కాలేజీ ఆటల కూడా అంతే లేటు. తమ పేరు, ఫోటో మీద పైసలు సంపాదించుకునే హక్కు కాలేజీ ఆటగాళ్లకు వచ్చింది 2021ల. కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా పైసలు కట్టుడు మొదలైంది 2025ల, అది కూడా కోర్టు కేసు ఎనుక. కార్లైల్ పిల్లలు ఆడి టికెట్లు అమ్మిన కాలం నుంచి వందేండ్లకు పైగా ఈ ముచ్చట నడిచింది. ఆ వందేండ్లల కోచ్‌లు జీతాలు తీస్కున్నరు, కాలేజీలు స్టేడియాలు కట్టుకున్నయి.

అందుకే థోర్ప్ కథను పాపం, మెడల్స్ పోయినయి అని చదివి ఇడిసిపెట్టొద్దు. ఆడే పిల్లలను ఎవరన్న పేరు కోసం ఆడు, ఊరి ఇజ్జత్ కోసం ఆడు, పైసలు అడగకు అంటే, అదే ఆట మీద గేటు కాడ పైసలు ఎవరు వసూలు చేస్తున్నరో ముందుగాల చూడాలె. దెబ్బ తగిలితే దవాఖాన ఖర్చు ఎవరు పెడ్తరో అడగాలె. థోర్ప్ తరఫున 1913ల ఈ రెండు మాటలు అడిగినోడు ఒక్కడు లేకుండె.